ఎవరి చేతిలో దొరికితే వాళ్ళది

ఆ వానాకాలం మా లాండ్రీలో ఒక్క దుప్పటి కూడా సరిగ్గా ఆరలేదు. ముక్కిపోయిన బట్టల వాసన కొట్టు దాటి, మెట్లెక్కి, పైనున్న మా ఇంట్లో తలగడల్లోకి కూడా చేరింది. అలాంటి ఒక ఉదయం డెలివరీకి వెళ్ళిన మా తమ్ముడు తిరిగి రాలేదు. వాడి బదులు ఒక కానిస్టేబుల్ వచ్చాడు.

"ఈ కొట్టు మీదేనా?"

"మాదే."

"మీవాడు చెక్‌పోస్టు దగ్గర దొరికాడమ్మా. వాడి బండి మీదున్న సంచిలో మత్తు మాత్రలున్నాయి. ఒకటీ అరా కాదు, సంచి నిండా."

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఎవరిదో తెల్ల చొక్కా మీద ఆగిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా తియ్యడం తోచలేదు.

మా తమ్ముడు జ్వరమొస్తే మాత్ర మింగడానికి ఇంటిల్లిపాదినీ బతిమాలించుకునే మనిషి. అమ్మా నాన్నా పోయాక వాడు నా దగ్గరే ఉండి కొట్టు పని నేర్చుకున్నాడు. కింద కొట్టు, పైన నేనూ మా ఆయనా తమ్ముడూ, పక్క వాటాలో మా మరిది, తోడికోడలు, వాళ్ళ చంటిది. అందరి భోజనాలూ మా ఇంట్లోనే. మా మరిది ఏం చేసేవాడని అడిగితే ఎవరూ తడుముకోకుండా చెప్పలేరు. ఒకప్పుడు సెల్‌ఫోన్లు, తర్వాత సెకండ్‌హ్యాండ్ బళ్ళు, ఆ తర్వాత "మార్కెటింగ్". కొట్లో ఖాళీగా కూర్చుని మా కస్టమర్లతో కబుర్లు చెప్పేవాడు. మాటకారి. వదినా వదినా అంటూ చుట్టూ తిరిగేవాడు.

ఆ రోజు స్టేషన్‌కి నాతో పరుగెత్తుకొచ్చింది అతనే.

తమ్ముణ్ణి ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుని ఉంది. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నారు. ఎస్సై నాతో మర్యాదగానే మాట్లాడాడు. "ఈ కాగితాల మీద సంతకం పెట్టమని మీరైనా చెప్పండి. కుర్రాడు మొండికేస్తున్నాడు. పెడితే కేసు తేలిగ్గా పోతుంది."

"పెట్టెయ్‌రా," అన్నాడు మా మరిది వెంటనే. "పెద్దవాళ్ళు చెప్తున్నారుగా."

తమ్ముడు అతనికేసి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు రిమాండుకి పంపారు. లాయర్ని కూడా మా మరిదే చూశాడు. కోర్టు ఎదురుగా అద్దాల గది, వెనక్కి వాలే కుర్చీ, గోడ నిండా దండలు వేయించుకున్న ఫొటోలు. ఆయన మాట్లాడినంతసేపూ ఫోను చూస్తూనే ఉన్నాడు.

"జడ్జిగారూ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం. మీరేం దిగులు పెట్టుకోకండి. తప్పు ఒప్పుకుంటే తక్కువ శిక్షతో పోతుంది. చిన్నవయసు కదా, దయ చూపిస్తారు."

"తప్పు చెయ్యలేదండీ," అన్నాను.

"అందరూ అదే అంటారమ్మా."

నా తమ్ముడి పేరేమిటో ఆ పెద్దమనిషి అడగలేదు. బయటికొచ్చాక మా మరిది, "గట్టివాడు వదినా, మనం అదృష్టవంతులం," అన్నాడు. నేను తలూపాను. పూర్తిగా ఏమీ తెలియని రోజుల్లో మనిషి దేనికైనా తలూపుతాడు.

వీధిలో నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఏళ్ళ తరబడి బట్టలిచ్చిన వాళ్ళు "ఆరాయా అమ్మా?" అని అడగడం మానేసి, తడివే పట్టుకుపోయారు. ఒకావిడ తన పట్టుచీర నా ఎదుటే విప్పి, మడతల్లో ఏమైనా ఉందేమోనని దులుపుకుంది.

జైలు బయట ములాఖత్ వరుసలో నా ముందు నిలబడ్డ ముసలావిడ, నా ముఖం చూసి తనే మాట కలిపింది. కొడుకు కోసం వస్తోందట. అద్దాల గది లాయరు గురించి చెప్తే పెదవి విరిచింది. "ఆయన ఇప్పటిదాకా వాదించింది ఒక్కటే కేసు, తన ఫీజు కేసు. పాత బిల్డింగులో మూడో అంతస్తుకెళ్ళు. మోకాళ్ళ నొప్పుల లాయరమ్మ ఉంటుంది. నోరు మంచిది కాదు. పని మంచిది."

ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను.

గది చిన్నది. కుర్చీల మీద కూడా ఫైళ్ళే. లాయరమ్మ ఒక కాలు స్టూలు మీద పెట్టుకుని, అందుకున్న పుస్తకంతోనే దోమని కొట్టి, నన్ను నిలబెట్టే ప్రశ్నలు మొదలుపెట్టింది. సంచిని ఎవరు వెతికారు? అప్పుడు పక్కన బయటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? తూకం అక్కడే వేశారా, స్టేషన్‌కి వచ్చాక వేశారా? సీలు వేశారా? ల్యాబుకి పంపారా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. తెలియదని చెప్పినందుకు ఆవిడ తిట్టలేదు. తెలిసినట్టు ఒకదానికి జవాబు చెప్పబోతే తిట్టింది.

"గెలుస్తామా మేడమ్?"

"నాకేం తెలుసు? గెలుస్తానని ముందే చెప్పే ఆయన దగ్గరికి వెళ్ళే వచ్చావుగా. నచ్చకే కదా ఇన్ని మెట్లెక్కావు?"

ఆవిడ ఒక కుర్చీ మీది ఫైళ్ళు కింద పెట్టి కూర్చోమంది.

"చూడు. నీ తమ్ముడి మీద పెట్టింది, మత్తుమందు దగ్గర ఉంచుకున్నాడని. ఎంత బరువుంటే అంత శిక్ష. ఇది బరువైన కేసే, నీకు అబద్ధం చెప్పను. కానీ చేతిలో ఉండటం వేరు, తెలిసి ఉంచుకోవడం వేరు. పోస్ట్‌మాన్ ఉత్తరం మోస్తాడు. లోపల ఏం రాశారో అతనికి తెలుసా? అయితే ఈ కేసుల్లో తిరకాసుంది. తెలీదు అంటే చాలదు. తెలీదని మనమే చూపించాలి. ఆ సంచి వాడికి ఎవరిచ్చారు?"

"తెలీదండీ."

"వాడికి తెలుసు. నేను నిన్న వెళ్ళి చూసొచ్చాను వాణ్ణి."

నేను తెల్లబోయాను. ములాఖత్ వరుసలో కనిపించిన ముసలావిడే ముందుగా కబురు పెట్టిందట.

"నోరు విప్పట్లేదు," అంది లాయరమ్మ. "ఎవరినో వెనకేసుకొస్తున్నాడు. నాకు చెప్పకపోతే మానె, నీకు చెప్తాడేమో కనుక్కో. చెప్పకపోతే నేను వాదించేది గోడతో."

ములాఖత్ గదిలో మా మధ్య ఇనుప జాలీ. వాడు బాగా చిక్కిపోయాడు. వచ్చీరాగానే కొట్టు ఎలా ఉంది, బాయిలర్ వాల్వు బాగు చేయించావా అని అడిగాడు. నేను సూటిగా అడిగాను.

"సంచి ఎవరిచ్చార్రా?"

"వదిలెయ్ అక్కా."

"పదేళ్ళు లోపల ఉంటావుట్రా? ఎవరి కోసం?"

వాడు జాలీకి వేళ్ళు ఆనించాడు. "నీ కాపురం అక్కా."

అంతే అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. తడిగుడ్డతో గొంతు కోశారని అంటారు. జీవితమంతా తడిబట్టలతో బతికినదాన్ని, నాకే తెలియకుండా నా గొంతుకే చుట్టారు.

"నా కాపురం సంగతి నేను చూసుకుంటాను," అన్నాను. "జరిగింది చెప్పు."

చెప్పాడు. ఆ ఉదయం వాడు బండి తియ్యబోతుంటే చిన్నబావ, అంటే మా మరిది, నీలం సంచి ఇచ్చి, బస్టాండు పక్క టైర్ల షాపులో ఇచ్చెయ్యమన్నాడు. దారిలో ఉండగా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. 'సంచి తెరవకు, సీలుంది, అలాగే ఇచ్చెయ్' అని. అలాంటి సంచులు అంతకు ముందు కూడా తీసుకెళ్ళాడట. ఫోన్ల సామాను అనుకున్నాడట.

"ఆ ఫోను ఇప్పుడెక్కడుంది?"

"పోలీసులు తీసుకున్నారు."

లాయరమ్మ ఈ మాట విని మొదటిసారి నవ్వింది. "తెరవకు అన్నాడా? బంగారం లాంటి మాట. మీ తమ్ముడికి తెలీదని వాడే చెప్పాడు. ఫోను పోలీసుల దగ్గరే ఉంది కాబట్టి మనం పుట్టించామని ఎవరూ అనలేరు. ల్యాబుకి పంపమని కోర్టులో అర్జీ వేస్తాను." మోకాలు నొక్కుకుంటూ అంది. "కానీ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు మీ మరిదికి తెలిస్తే, నేనిచ్చిన సంచి వేరు, దొరికింది వేరు అంటాడు. నోరు జాగ్రత్త."

నోరు జాగ్రత్తగానే పెట్టుకున్నాను; ఇంట్లో అందరూ కేసు ఇంకా అద్దాల గది లాయరే చూస్తున్నాడనుకున్నారు. అంతకన్నా కష్టమైన పని నేను జన్మలో చెయ్యలేదు. రోజూ అతనికి అన్నం వడ్డించాను. "ఇంకొంచెం వడ్డించు వదినా," అంటే వడ్డించాను. గరిటె పట్టుకున్న చేతిని చూసుకుంటూ, ఇదే గరిటె ఆ నెత్తి మీద ఎన్నిసార్లు మోగించొచ్చో ఊహించుకునేదాన్ని. అదొక్కటే ఆ రోజుల్లో నాకు రుచించిన తిండి. ఒకసారి ఊరికే, "ఆ సంచి వాడికి ఎవరో ఇచ్చి ఉంటారు కదా," అన్నాను. అతను ముద్ద నోటి దగ్గర ఆపి, "నామీద అనుమానమా వదినా?" అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. తోడికోడలు తలెత్తలేదు. మా ఆయన మాత్రం నాకేసి చూశాడు.

మా ఆయనకి చెప్పాలనే అనుకున్నాను. మనిషి చెడ్డవాడు కాదు. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి చేతుల మీద పెంచుకున్నవాడు. మర్నాడు కొట్లో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడని ఎదురుచూశాను. ఆశ్చర్యపోలేదు. మడత పెడుతున్న పంచెని విప్పి మళ్ళీ మొదటినుంచి మడత పెట్టాడు.

"నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది."

"ఎప్పట్నుంచి?"

ఇంకో పంచె అందుకున్నాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. వాడికి పెళ్ళాం ఉంది, పసిది ఉంది. నీ తమ్ముడంటే ఒంటరివాడు కాబట్టి..."

ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. నాకు పూర్తయింది. మిగిలిన దుప్పట్లు మడత పెట్టి, బీరువాలో సర్ది, పైకెళ్ళి అన్నం వండాను.

ఆ వారంలోనే బాయిలర్ వాల్వు కారుతోందని వెనక్కి వెళ్ళి చూస్తే, గోడకీ బాయిలర్‌కీ మధ్య ఇంకో నీలం సంచి కనబడింది. మూతి టేపుతో చుట్టి ఉంది. అంత జరిగాక కూడా మా కొట్లోనే! మా తమ్ముడు లోపలున్నాడు కదా, ఇంక ఇక్కడ ఎవరు చూస్తారనుకున్నాడు మా మరిది.

నా బుర్రలో ఒక్కసారిగా అంతా వెలిగిపోయింది. దాన్ని తీసుకెళ్ళి అతని స్కూటర్ సీటు కింద పెట్టి, స్టేషన్‌కి ఒక్క ఫోను చేస్తే చాలు. లేదా వాళ్ళ వాటాలో, అతని తలగడ కింద. నా తమ్ముడికి పట్టిన గతే వాడికీ పట్టాలి. అదే బల్ల, అదే తడి చొక్కా. ఆ ఆనందంతో చెయ్యి చాపాను కూడా. ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచితనం వల్ల మాత్రం కాదు. పని చెడితే వాడు తప్పించుకుంటాడేమోనన్న భయం వల్ల.

కొట్టుకి తాళం వేసి లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"మేడమ్, ఊరికే అడుగుతున్నాను. ఒక మనిషి బండిలో అలాంటి సంచి దొరికితే..."

"ముట్టుకున్నావా?" అంది వెంటనే.

"లేదు."

"నిజం చెప్పు."

"లేదండీ. ఒట్టు."

ఆవిడ స్టూలు మీంచి కాలు దింపింది. "బాగా విను. నువ్వు చూడకముందు అది నీ కొట్లో ఉన్నా నీది కాదు. చూశావు. ఇప్పుడు నీకు తెలుసు. చూసీ ఊరుకుంటే చట్టం లెక్కలో అది నీ దగ్గరున్నట్టే. దాన్ని తీసుకెళ్ళి వాడి బండిలో పెడితే ఇంకా చక్కగా ఉంటుంది. నీ తమ్ముడి పక్క జైల్లో నీకూ చోటిస్తారు. వాడు బయట కూర్చుని ఇద్దరికీ క్యారేజీ పంపిస్తాడు."

"మరి వాణ్ణి వదిలెయ్యాలా?"

"వదిలెయ్యమన్నానా?" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "నీకు తమ్ముడు బయటికి రావడం కావాలా, వాడు లోపలికెళ్ళడం కావాలా?"

"రెండూ కావాలి."

"అయితే రెండూ నిజంతోనే చేద్దాం. పద."

ఆ మోకాళ్ళతోనే మెట్లు దిగి, ఎస్సై కన్నా పై అధికారి దగ్గరికి తీసుకెళ్ళింది నన్ను. నేను చూసింది చూసినట్టు రాసిచ్చాను. ఈసారి సంతకం పెట్టాను. సంచి ఉన్నచోటే ఉండాలి, దానికోసం ఎవరొస్తారో తమ మనుషులు కాపు కాసి చూస్తారు, నేను మామూలుగా ఉండాలి అన్నాడు ఆ అధికారి.

మా మరిది వచ్చింది మర్నాడు మధ్యాహ్నం. ఎదురుగా టీ బండి దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను దుప్పటికి నీళ్ళు చిలకరిస్తున్నాను.

"బాయిలర్ ఏదో కారుతోందని అన్నయ్య అన్నాడు, చూసొస్తా వదినా," అన్నాడు.

"చూడు బాబూ, నీకు పుణ్యముంటుంది."

వెనక్కి వెళ్ళి కాసేపట్లో వచ్చాడు. సంచిని రెండు టవళ్ళలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మా టవళ్ళే.

"వాల్వు మార్పించాలి వదినా, నా వల్ల కాదు. మా ఫ్రెండుకి టవళ్ళు కావాలట, ఇవి ఇచ్చొస్తా."

"అలాగే. వానొచ్చేట్టుంది, రెయిన్‌కోటు వేసుకో."

"భలేదానివి వదినా. నువ్వున్నావు కాబట్టి ఈ ఇల్లు ఇలా ఉంది," అన్నాడు. అన్నాడు నిజంగానే. స్కూటర్ ముందు కొక్కేనికి సంచి తగిలించి, కోటు వేసుకుని, కిక్కు కొట్టాడు. బండి వీధి మలుపు దాటకముందే టీ బండి దగ్గరి ఇద్దరూ ఆపేశారు. నేను గుమ్మంలో నిలబడి మొత్తం చూశాను. పక్క షాపులవాళ్ళని సాక్షులుగా పిలవడం, టవళ్ళు విప్పడం, టేపు కొయ్యడం, తూకం వెయ్యడం. ఇవన్నీ ఎలా జరగాలో లాయరమ్మ నాకు నేర్పింది. ఒక్కటీ తప్పలేదు. వాడు తలెత్తి నాకేసి చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు. వాన మొదలైంది. దుప్పటి మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. ఆ ఋతువంతటిలో అంత చక్కగా ఏ బట్టా నా చేతికింద సాగలేదు.

ఆ తర్వాత, నెలలు పడుతుందనుకున్న ఫోను రిపోర్టు కూడా తొందరగానే వచ్చింది. కోర్టులో ఆ మాట వినిపించారు. వాడి గొంతే, వదినా అని పిలిచే గొంతే, 'తెరవకు' అంది. తమ్ముడికి బెయిలొచ్చింది, కొన్నాళ్ళకి కేసులోంచే తీసేశారు. బయటికొచ్చిన రోజు వాడు నన్ను పట్టుకుని ఏడవలేదు. "అక్కా, నేను ఇంక ఆ ఇంట్లో ఉండలేను," అన్నాడు. వేరే పేటలో గది తీసుకున్నాడు. పగటిపూట కొట్టుకొస్తాడు. ఎవరైనా కస్టమరు సంచి చేతికిస్తే మూతి విప్పి చూసి గానీ అందుకోడు.

మా ఆయన రోజూ జైలుకి క్యారేజీ తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. "నువ్వు నవ్వుతూ పంపించావటగా వాణ్ణి. కోటు కూడా వేసుకోమన్నావట," అన్నాడొక రోజు.

"అన్నాను."

"అంత పగ ఎక్కడ దాచుకున్నావే?"

"నువ్వు మడత పెట్టిన చోటే," అన్నాను.

మా ఆయన పక్క మీంచి తలగడ తీసుకుని తన తమ్ముడి వాటా ముందు గదిలోకి మారిపోయాడు. వెళ్ళకు అని నేను అనలేదు. ఆయన కూడా ఎదురుచూడలేదు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం తోడికోడలు కొట్టుకొచ్చింది. పసిదాన్ని ఎత్తుకుని, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, ఆ లాయరమ్మ..."

"వాడి కేసు ఆవిడ తీసుకోదు," అన్నాను. ఈ మాట అనడం కోసం చాలా రోజులుగా కాచుకుని ఉన్నాను.

"ఆయనకి కాదక్కా. స్కూటర్ నా పేరు మీద ఉంది. నన్ను స్టేషన్‌కి రమ్మన్నారు."

అప్పుడు చూశాను ఆమె ముఖం. పగలో ఆమెని కూడా కలిపి పెట్టుకున్నాను నేను, వేరుగా ఎప్పుడూ చూడలేదు.

"నీకు తెలుసా?"

"సంచులు వస్తాయని తెలుసు. ఏమున్నాయని ఒకసారి అడిగాను." చెవి పక్క జుట్టు తీసి చూపించింది. పాత మచ్చ. "మళ్ళీ అడగలేదు."

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశాను. షట్టరు సగం దించి, తమ్ముణ్ణి చూసుకోమని చెప్పి, ఆమెతో బయల్దేరాను. దారిలో చెప్పాను. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. లాయరు లేకుండా ఒక్క మాట మాట్లాడకు. లాయరమ్మ దగ్గర మాత్రం ఒక్కటి కూడా దాచకు, దాస్తే పట్టేస్తుంది. తెలియనిది తెలియదనే చెప్పు. ఆమె ప్రతిదానికీ తలూపింది. పాత బిల్డింగు మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నేను ఉన్నదున్నట్టు చెప్తే ఆయనకి శిక్ష పెరుగుతుందా అక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు.

"పెరుగుతుంది."

ఆమె పైకి చూసింది. మెట్లు నిటారుగా ఉన్నాయి.

"పాపని ఇలా ఇవ్వు," అన్నాను చేతులు చాపి. "దాన్ని మోస్తూ మూడో అంతస్తుదాకా ఎక్కలేవు."